పాయింట్ ఆఫ్ రాక్స్ దాకా

హెర్న్‌డన్‌లో బయలుదేరినప్పటి నుంచీ శేషగిరి టైర్లలో గాలి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. "మట్టి దారి కదా, గాలి కాస్త తక్కువే పెట్టాను," అన్నాడు లీస్‌బర్గ్ దగ్గర. "వాన పడితే ఇంకొంచెం తగ్గించినా పర్లేదు," అన్నాడు చార్లెస్‌టౌన్ దాటాక. రెండుసార్లూ అద్దంలోంచి వెనక సీటు వైపు ఒక చూపు చూసి, చటుక్కున కళ్ళు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

వెనక సీట్లో రష్మి ఉంది. ఆరేళ్ళు ఆయనకి కోడలు. ఈ జనవరి నుంచి కాదు.

ముందు సీట్లో ఉన్న వసుమతికి భర్త అవస్థ తెలుస్తూనే ఉంది. ఏ మాట ఎక్కడ తగులుతుందోనని ఆయన భయం. ఇదివరకైతే ఈపాటికి "అమ్మా రష్మీ, కాఫీ తాగుదామా?" అని రెండు చోట్ల కారు ఆపేవాడు. ఇప్పుడు అమ్మా అనొచ్చో లేదో కూడా ఆయనకి తేలడం లేదు.

వాళ్ళ కొడుకు అనీష్‌కీ రష్మికీ పెద్ద గొడవలేమీ జరగలేదు. చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చి వాడు అరిజోనా వెళ్ళాడు. ఆమె ఉద్యోగం ఇక్కడ. ఆర్నెల్లలో ఏదో ఒకటి చూసుకుందాం అనుకున్నది రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో, పక్కన ఒకరు లేకపోయినా రోజు గడిచిపోతోందని ఇద్దరికీ తెలిసిపోయింది. చివరి సంతకాలకి వచ్చినప్పుడు అనీష్‌ని తిరిగి ఎయిర్‌పోర్టులో దింపింది కూడా రష్మే. ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు లేని విడాకులు. వసుమతికి అదే కష్టంగా ఉండేది. కోపమైనా ఉంటే దాన్ని పట్టుకుని నాలుగు రోజులు గడిపేది.

కోవిడ్ ఏడాది అందరూ ఇళ్ళల్లో ఉండిపోయినప్పుడు అత్తాకోడళ్ళిద్దరూ సైకిళ్ళు కొనుక్కున్నారు. ఊరి మధ్యగా పోయే పాత రైలు దారి మీద, ఇప్పుడది సైకిళ్ళ దారి, మొదట్లో రెండు మైళ్ళు, తర్వాత పది, తర్వాత వీకెండ్ వస్తే చాలు ఇంట్లో ఉండేవారు కాదు. ఐరోపాలో నదుల వెంట, కాలవల వెంట వందల మైళ్ళు సైకిల్ మీద తిరుగుతారని వీడియోలు చూపించింది రష్మే. జర్మనీలో పాసావు నుంచి వియన్నా దాకా డాన్యూబ్ పక్కనే వారం రోజుల ప్రయాణం అనుకున్నారు. ఈ మే నెలకి రూములు కూడా బుక్ చేశారు. విడాకులయ్యాక రష్మి మెసేజ్ పెట్టింది: "లాయర్ వద్దన్నడు. ఇప్పుడు బయటికి పోతే మళ్ళ వీసా స్టాంపింగ్ కావాలె. రిస్క్ అంటున్నడు. సారీ." ఆ మెసేజ్‌లో అత్తమ్మా అన్న పిలుపు లేదు.

వసుమతి నాలుగు రోజులు ఊరుకుని, తర్వాత జవాబిచ్చింది. "డాన్యూబ్ కాకపోతే పోనీ, మన పొటోమాక్ పక్కన కాలవ ఉంది కదా. ఒక శనివారం వస్తావా?"

మర్నాడు పొద్దున్న "వస్తా" అని వచ్చింది.

అలా కుదిరిన శనివారం ఇది. ఈలోగా ఒక ఆదివారం అనీష్ ఫోన్ చేశాడు. అదితి అని ఒకమ్మాయి, వాళ్ళ ఆఫీసే. ఆగస్టులో ఎంగేజ్‌మెంట్ అనుకుంటున్నారట. "రష్మికి చెప్పావట్రా?" అని అడిగింది వసుమతి. "చెప్తానమ్మా," అన్నాడు. చెప్పడని ఆమెకి గట్టి నమ్మకం. చిన్నప్పట్నుంచీ కష్టమైన మాట చెప్పాల్సి వస్తే పక్క గదిలోకి వెళ్ళిపోయే పిల్లవాడు వాడు. ఎవరో పెట్టిన ఫోటో చూసి ఆ పిల్ల తెలుసుకునే కన్నా, తన నోటితో తనే చెప్పడం మేలనుకుంది. ఎలా మొదలుపెట్టాలో వారం రోజులుగా వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ నోట్లో అనుకుంటూనే ఉంది. ఒక్క వాక్యం కూడా కుదరలేదు.

షెపర్డ్స్‌టౌన్ వంతెన దాటి మేరీలాండ్ వైపు దిగేసరికి నది కనబడలేదు. పొగమంచు అంత దట్టంగా ఉంది. శేషగిరి సైకిళ్ళు దింపి, బ్రేకులు నొక్కి చూసి, చైన్ల మీద మళ్ళీ నూనె చుక్కలు వేశాడు.

"నాలుగింటికల్లా పాయింట్ ఆఫ్ రాక్స్ స్టేషన్ దగ్గరుంటాను," అన్నాడు, ఇద్దరికీ మధ్యలో ఉన్న గాలితో చెబుతున్నట్టు. "ఫోన్లలో చార్జింగ్ ఉంది కదా? ఉరుములొస్తే చెట్ల కింద నిలబడకండి."

"మొత్తం చెట్లే కదండీ ఈ దారంతా," అంది వసుమతి.

"అందుకే చెబుతున్నా," అని ఆయన కారెక్కాడు.

ఒక పక్క నది, ఒక పక్క పాత కాలవ. మధ్యలో బండి పట్టేంత మట్టిగట్టు. ఒకప్పుడు ఈ గట్టు మీద కంచరగాడిదలు నడుస్తూ తాళ్ళతో పడవల్ని లాక్కెళ్ళేవట. ఇప్పుడు కాలవ చాలా చోట్ల పూడిపోయి, అందులో చెట్లు మొలిచాయి. నీళ్ళున్న చోట మాత్రం పడిపోయిన దుంగల మీద తాబేళ్ళు వరసగా కూర్చుని ఉన్నాయి. ఏప్రిల్ చివర కావడంతో ఆకులన్నీ లేతగా ఉన్నాయి. పొగమంచులో సైకిల్ ముందు పది గజాలకి మించి కనిపించడం లేదు. రష్మి వెనకాల వస్తోందని వసుమతికి టైరు కింద గులకరాళ్ళ చప్పుడు వల్లే తెలుస్తోంది.

"ఇదిగో, గుంత ఉంది, చూసుకోండి," అంది రష్మి ఒక చోట.

ఇంకో చోట, "వినబడుతున్నదా, ఎడమకి రండి, ఎవరో వస్తున్నరు," అంది.

పొద్దున్నించీ ఆ పిల్ల ఏ పిలుపూ లేకుండా మాట్లాడుతోందని వసుమతి గమనించింది. ఇదిగో, వినబడుతున్నదా, చూడండి. ఆంటీ అని కూడా అనడం లేదు. అన్నట్టయితే అప్పుడే సైకిల్ ఆపి ఇంటికి వెళ్ళిపోవాలనిపించేదేమో.

యాంటీటమ్ అనే వాగు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా మంచు విడిపోయి ఎండ వచ్చింది. అక్కడ కాలవని వాగు మీదుగా దాటించడానికి రాతితో కట్టిన వంతెన ఉంది. వసుమతి దిగి, పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూసింది.

"అక్విడక్టు! మా కోనసీమలో గన్నవరం దగ్గర ఉండేది ఇలాంటిది. కింద గోదారి పాయ, పైన కాలవ. చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని చూపించారు. నీళ్ళ మీద నీళ్ళు ఎలా పోతాయో నాకు ఎంతకీ అర్థం కాలేదు."

"మా కరీంనగర్‌ల కాలువలంటే సిమెంటువే," అంది రష్మి. "ఎండాకాలం అండ్ల క్రికెట్ ఆడేటోళ్ళు."

ఇద్దరూ నవ్వారు. చెప్పడానికి ఇదే సమయం అనుకుంది వసుమతి. గొంతు సవరించుకుంది. రష్మి అప్పటికే హెల్మెట్ సరిచేసుకుంటోంది. "పోదామా?" అంది. "పద," అంది వసుమతి.

అక్కణ్ణించి వాతావరణం ఒక మాట మీద నిలబడలేదు. అరగంట ఎండ కాసింది. ఒంటి మీది రెయిన్‌కోట్లు తీసి సైకిల్ సంచుల్లో కుక్కారు. కుక్కారో లేదో నది మీద నుంచి జల్లు వచ్చింది. మళ్ళీ తొడుక్కున్నారు. తొడుక్కునేసరికి వాన లేదు, గాలి. ఎదురుగాలి. పెడల్ తొక్కుతున్నా గట్టు కదలడం లేదనిపించేంత గాలి. హార్పర్స్ ఫెర్రీ దగ్గర రెండు నదులు కలిసేచోట ఆకాశంలో సగం నీలంగా, సగం నల్లగా ఉంది. రష్మి ఫోన్ తీసి చూసి, "దీనికి కూడా తెలుస్తలేదు," అని మళ్ళీ జేబులో పెట్టేసింది.

మధ్యాహ్నానికి బ్రన్స్‌విక్ చేరారు. రైల్వే ఊరు. పట్టాలు దాటి పైకి వెళితే, పాత చర్చిని కాఫీ హోటల్‌గా మార్చిన చోటు ఉంది. రంగు అద్దాల కిటికీ పక్కన కూర్చుని వేడి సూప్ తాగారు. వసుమతి వేళ్ళలోకి రక్తం మళ్ళీ వచ్చినట్టయింది. ఇంకా ఎంతసేపు వాయిదా వేస్తావని తనని తనే కసురుకుని, స్పూను కింద పెట్టింది.

"రష్మీ, నీతో ఒక మాట చెప్పాలి. అనీష్..."

రష్మి ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. "ఇయ్యాల వద్దు, ప్లీజ్," అంది.

"అది కాదు, నువ్వొకసారి విను..."

"నేను సైకిల్ తొక్కనీకి వచ్చిన. అన్నీ అయిపోయినయి కదా. మళ్ళ మొదటికి తేవద్దు." కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "బాటిల్స్ నింపుకొస్త."

వసుమతి సూప్ గిన్నె పక్కకి జరిపింది. పక్క బల్ల మీద ఎవరో చిన్నపిల్లకి కేకు ముక్కలు చేసి పెడుతున్నారు. ఎంత అవకతవకగా మొదలుపెట్టాను అనుకుంది. ఈ రోజు ఇక్కడితో ఆపేసి ఆయనకి ఫోన్ చేసి ఇక్కడికే రమ్మంటే? కానీ ఇలా ఆగిపోతే ఇదే ఆఖరి ప్రయాణం అవుతుందని ఆమెకి తెలుసు. ఇద్దరూ మర్యాదగా మెసేజ్‌లు పెట్టుకుంటారు. తర్వాత అవీ తగ్గుతాయి.

మళ్ళీ గట్టెక్కాక రష్మి ముందు వెళ్ళింది. పొద్దున్నంతా వెనకాల నిదానంగా వచ్చిన పిల్ల ఇప్పుడు వెనక్కి చూడకుండా తొక్కుతోంది. ఎరుపు రెయిన్‌కోటు చెట్ల మధ్య చిన్నదవుతూ, మలుపు దగ్గర కనబడకుండా పోయింది. వసుమతి పిలవలేదు. అరవై రెండేళ్ళ మోకాళ్ళతో అందుకోవడమూ కుదరని పని. గట్టు ఇక్కడ మెత్తగా ఉంది. బురద మడ్‌గార్డ్‌లో ఇరుక్కుని చక్రం బరువెక్కింది.

ముందు వెలుతురు పోయింది. తర్వాత గాలి ఆగింది. పక్షులు కూడా ఊరుకున్నాయి. ఆకాశం ఆకుపచ్చ కలిసిన నలుపులోకి తిరిగింది. వసుమతి దిగి హెల్మెట్ బిగించుకుంటూండగానే వాన మొదలైంది. అది వాన కాదు, పైనుంచి ఎవరో బిందెలతో కుమ్మరించడమే. వెంటనే వడగళ్ళు. హెల్మెట్ మీద టపటపమని మోగాయి. చేతుల మీద పడ్డవి సూదుల్లా గుచ్చాయి. ఆమె సైకిల్‌ని అలాగే వదిలేసి, కాలవ గోడ పక్కన రాళ్ళ వాలులో ముడుచుకుని కూర్చుంది. ఉరుముకీ మెరుపుకీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు.

అప్పుడు ముందు వైపు నుంచి ఆ చప్పుడు వచ్చింది. మొదట పెద్ద బట్ట చించినట్టు, తర్వాత నేలంతా అదిరినట్టు.

చెట్టు. రష్మి వెళ్ళిన వైపు.

వసుమతికి తను ఎప్పుడు లేచిందో తెలియలేదు. పరుగెడుతోంది. వాన కళ్ళల్లో పడుతోంది. ఫోన్ తీసి చూసింది, సిగ్నల్ లేదు. "రష్మీ!" అని అరిచింది. గొంతు ఆ వానలో తనకే వినబడలేదు. మలుపు తిరిగేసరికి గట్టుకి అడ్డంగా ఆకుల గోడ. తెల్ల బెరడు ఉన్న పెద్ద సికమోర్ చెట్టు, కాలవ అవతల నుంచి వేళ్ళతో సహా పెళ్ళగిలి, గట్టు మీదుగా నది వైపు పడి ఉంది. కొమ్మలు రెండు నిలువుల ఎత్తు. లోపల ఎక్కడైనా ఎరుపు రంగు కనబడుతుందేమోనని ఆమె చూసింది. చూడాలని లేదు, అయినా చూసింది.

"రష్మీ! రష్మీ! అమ్మాయ్!"

కొమ్మల్ని చేతులతో విడదీసింది. ఎరుపు లేదు. ఆకులు, ఇంకా ఆకులు. ఏమీ వినలేదే ఆ పిల్ల నేను చెప్పబోయింది, అనవసరంగా తరిమేశానే అనుకుంది.

ఎక్కణ్ణించో సన్నగా, వాన అవతల నుంచి వినిపించింది.

"అత్తమ్మా!"

వసుమతి చేతిలోని కొమ్మని వదిలేసింది.

"అత్తమ్మా! అత్తమ్మా! ఏడున్నరు?"

"ఇక్కడే ఉన్నానే! చెట్టుకి ఇటు పక్క! నీకేమైనా తగిలిందా?"

"నాకేం కాలే! మీకు?"

"నాక్కూడా ఏం కాలేదు!"

అటు పక్క కొమ్మలు కదిలాయి. తర్వాత గొంతు దగ్గరగా వచ్చింది. "నేను చాన దూరం పోయిన. సప్పుడు వినంగనే తిరిగొచ్చిన. మీరు కింద ఉన్నరనుకున్న. చెట్టు కింద."

"నేను కూడా అదే అనుకున్నానే."

"మరి ఏడుస్తున్నరేంది?"

"నువ్వు ఏడవట్లా?"

"ఏడుస్తున్న," అంది రష్మి ఆకుల అవతల నుంచి.

ఒకరికొకరు కనబడకుండానే, ఆ పచ్చటి గోడకి ఇటొకరు అటొకరు నిలబడి ఏడ్చారు. వడగళ్ళు ఆగిపోయాయి. వాన మామూలు వానైంది. అప్పుడు ఇద్దరిలో ముందుగా నవ్వింది ఎవరో చెప్పడం కష్టం.

గట్టు అంచున, నది వైపు, మాను ఒక బండ మీద ఆనడంతో కింద కొంచెం సందు మిగిలింది. రష్మి అందులోంచి పాక్కుంటూ ఇటు వచ్చింది. వచ్చీ రావడంతోనే వసుమతి భుజాలు, చేతులు, తల తడిమి చూసింది. వసుమతి కూడా ఆమెని అలాగే తడిమింది. తర్వాత ఇద్దరూ వెనక్కి నడిచి, పడేసిన సైకిల్ తెచ్చారు. సంచులు విప్పి ముందు అవతలికి తోశారు. సైకిల్‌ని పడుకోబెట్టి, ఒకరు హ్యాండిల్ పట్టి లాగి, ఒకరు వెనక చక్రం పట్టి నెట్టారు. చివరికి వసుమతి బోర్లా పడుకుని పాకింది. సగం దూరంలో రెయిన్‌కోటు టోపీ కొమ్మకి తగులుకుని ఆగిపోయింది.

"కదలకండి, కదలకండి అత్తమ్మా, చినుగుతది."

"చినగనీవే! ఇక్కడ ఈ బురదలో రెయిన్‌కోటు గురించి ఆలోచిస్తున్నావా?"

చినిగింది. అవతలికి వచ్చి నిలబడేసరికి ఇద్దరి ముఖాలూ గుర్తుపట్టేలా లేవు.

కొంత దూరం నడిపించుకుంటూ వెళితే పడవలు దాటే పాత లాకు వచ్చింది. పక్కనే, ఒకప్పుడు లాకు తలుపులు తీసి వేసే మనిషి ఉండే చిన్న ఇల్లు. తాళం వేసి ఉంది. చూరు కింద మెట్ల మీద కూర్చున్నారు. రష్మి తన సంచిలోంచి పొడి సాక్సులు తీసి ఒక జత వసుమతికి ఇచ్చింది. వసుమతి తన సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసింది. అందులో చేగోడీలు. ఒక్క చుక్క నీరు కూడా దిగలేదు. ఇద్దరూ ఒక్కొక్కటే కరకరలాడించారు.

ఇక ఎదురుచూడకూడదనుకుంది వసుమతి. వాక్యం అలంకరించడం మానేసింది.

"అనీష్‌కి ఆగస్టులో ఎంగేజ్‌మెంట్. అదితి అని ఒకమ్మాయి. అది చెబుదామనే పొద్దున్నించీ."

రష్మి నములుతున్నది ఆపింది. "ఇదేనా?"

"ఇదే."

"ఇది నాకు తెలుసు కదా. మొన్ననే అనీష్ ఫోన్ చేసి చెప్పిండు. గంట సేపు మాట్లాడిండు. ఎవరో చెప్తే తెలుసుడు మంచిగుండదు, నేనే చెప్పాలె అన్నడు."

"అనీష్ చెప్పాడా? వాడే?"

"అవును. కొంచెం ఏడ్చిండు కూడా. నేను కూడా. తర్వాత మంచిగనే అనిపించింది."

కొడుకు గురించి ఎన్నో ఏళ్ళుగా ఖాయం చేసుకున్న అభిప్రాయం తప్పని తెలిసి ఇంత సంతోషం కలుగుతుందని వసుమతి అనుకోలేదు. ఆ సంతోషం పైకి కనబడకుండా ఇంకో చేగోడీ తీసుకుంది.

"మరి హోటల్లో నేను మొదలుపెడితే ఎందుకు లేచిపోయావే?"

రష్మి మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుంది. "మీకు ఇంకా తెల్వదనుకున్న. మళ్ళ కలిసుండమని అడుగుతరనుకున్న. దానికే పిలిచిన్రేమో ఈడికి అనుకున్న. మీరు అడిగితే నేను వద్దని చెప్పాలె. మీతోని వద్దని చెప్పుడు నాకు ఎట్ల వస్తది? అందుకే వారం నుంచి నిద్ర లేదు."

"నీకూనా?"

"మీకు కూడానా?"

"ఇంత చిన్న మాటకి రోజూ పొయ్యి దగ్గర రిహార్సల్ వేశాను," అంది వసుమతి. "మీ మామయ్య ఎవరితో మాట్లాడుతున్నావని రెండుసార్లు వచ్చి చూశారు."

రష్మి తల వెనక్కి వేసి నవ్వింది. అయితే నవ్వు పూర్తిగా ఆగకముందే ముఖం మళ్ళీ మారింది. చూరు నుంచి కారే నీళ్ళ వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "కొత్త కోడలు వస్తది. అప్పుడు ఇట్ల మనం పోవుడు బాగుండదు కదా. ఎవరన్న అడిగితే నేను ఎవరని చెప్తరు?"

వసుమతి ఆలోచించింది. ఊరడించే మాట ఏదైనా చెప్పొచ్చు. కూతురులాంటిదానివి అనొచ్చు. కానీ అది నిజం కాదు. కూతురుతో ఇన్ని మైళ్ళు తొక్కలేదు. ఆమెకి కూతురు లేదు కూడా. "ఏమో, నాకూ తెలీదు," అంది చివరికి. "దీనికి పేరేమిటో నాకు తెలీదే. ఆ అమ్మాయి మంచిదే. ఫోన్లో మాట్లాడాను. నేను మొదట అడిగింది ఒకటే, సైకిల్ వచ్చా అని. రాదంది. నాకెంత ధైర్యం వచ్చిందో."

"అత్తమ్మా!"

"నిజమే చెబుతున్నా. నేర్చుకుంటానని కూడా అనలేదు పాపం."

ఈసారి రష్మి నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, డబ్బా లాక్కుని అడుగున మిగిలిన ముక్కలన్నీ అరచేతిలో పోసుకుంది.

వాన వెలిసింది. పడమటి వైపు మబ్బుల కింద నుంచి ఏటవాలుగా ఎండ వచ్చి, తడిసిన గట్టు మీద ఆవిరి లేపింది. గాలి చల్లగా, కడిగినట్టు ఉంది. కాళ్ళకి పొడి సాక్సులు, తడిసిన బూట్లు. మళ్ళీ ఎక్కారు. ఈసారి పక్కపక్కనే తొక్కారు. గుంతలు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గి, మళ్ళీ వచ్చి కలుస్తున్నారు. పొద్దున్నించీ దాచుకున్న కబుర్లన్నీ ఇప్పుడు వచ్చాయి. రష్మి మేనేజర్ మానవ్ అనే కుర్రాడి చాదస్తం, వసుమతి లైబ్రరీలో వారానికి రెండు రోజులు చేస్తున్న వాలంటీర్ పని, ఎదురింటి గిరిజ పెంచుతున్న కోళ్ళ మీద కాలనీ వాళ్ళ గొడవ.

పాయింట్ ఆఫ్ రాక్స్ ఇంకో మైలు ఉందనగా, ఎదురుగా గట్టు మీద ఎవరో నడిచి వస్తూ కనిపించారు. చేతిలో గొడుగు. గాలికి తిరగబడి ఊచలు పైకి లేచిన గొడుగు. మోకాళ్ళ దాకా బురద. నడక ఒక పక్కకి ఒరుగుతోంది.

"మామయ్య కదా?" అంది రష్మి.

శేషగిరే. వాళ్ళని చూసి ఆగిపోయాడు. గొడుగు కింద పడేశాడు. ఇద్దరూ దగ్గరికి వచ్చి దిగేదాకా కదలకుండా నిలబడి, తర్వాత ఒక్కసారిగా మొదలుపెట్టాడు.

"బుద్ధుందా మీ ఇద్దరికీ? ఫోన్లెందుకు మీకు, ఫోటోలు తీసుకోవడానికా? వడగళ్ళు! కారు టాప్ మీద సొట్టలు పడ్డాయి! ఈవిడకంటే వయసొచ్చింది, చాదస్తం. నీకేమైందమ్మా రష్మీ? ఆకాశం ఆ రంగులో ఉంటే ఎక్కడో ఒకచోట ఆగాలని తెలీదా? ఇంజనీరింగ్ చదివావు! అత్తగారు తొక్కుదామంటే తొక్కేయడమేనా? పెద్దదాన్ని ఆపాల్సింది పోయి!"

రష్మి తల వంచుకుని వింది. వసుమతి ఆమె వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది. తల వంచుకున్న ఆ ముఖం మీద, బురద చారల మధ్య, ఎంత నొక్కిపట్టినా ఆగని చిరునవ్వు ఉంది. ఇన్ని చివాట్లు ఆ పిల్లకి జనవరి నుంచీ ఎవరూ పెట్టలేదు.

"తప్పయింది మామయ్యా," అంది.

"తప్పయిందట," అన్నాడు శేషగిరి. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చొక్కా తడిసే ఉండడంతో అద్దాలు ఇంకా మసకబారాయి.

"మామయ్యా, మీ బూటు ఒకటి ఏది?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి సాక్సు మాత్రమే ఉంది. "అదిగో, అక్కడెక్కడో బురదలో దిగబడింది," అన్నాడు చెయ్యి వెనక్కి ఊపుతూ. "లాగాను. రాలేదు. మీకేమైందోనని తొందరలో వదిలేశా."

రష్మి తన సైకిల్ స్టాండ్ వేసి, ఆయన చూపించిన వైపు వెళ్ళింది. కాసేపటికి నీళ్ళ గుంతలో చెయ్యి పెట్టి బూటు పైకి తీసింది. నదిలో కడిగి, నీళ్ళు ఓడ్చి, తెచ్చి ఆయన ముందు పెట్టింది. శేషగిరి ఆమె భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి తొడుక్కున్నాడు.

స్టేషన్ దగ్గర కారెక్కేటప్పుడు సీట్ల మీద ఆయన పాత దుప్పట్లు పరిచాడు. వసుమతి వెనక్కి ఎక్కింది. నడుం వాల్చాలని ఉంది. రష్మి ముందు సీట్లో కూర్చుంది. హీటర్ వేసి, వంతెన మీదుగా వర్జీనియాలోకి దాటారు. కింద నది ఎర్రగా, వేగంగా, కొమ్మల్ని తోసుకుంటూ పోతోంది.

"ఇంటికి రా. అన్నం తిని వెళుదువుగాని," అన్నాడు శేషగిరి. "పొద్దున్నే పప్పు పెట్టి వచ్చింది మీ అత్తయ్య. ఇప్పుడు రాననకు."

"బట్టలు చూడండి మామయ్యా, ఇట్ల ఎట్ల వస్త?"

"మన ఇంట్లో బట్టలు లేవా? ఏవో ఒకటి వేసుకో."

"సరే," అంది రష్మి. "వస్త."

ఆ తర్వాత ఇద్దరూ చైన్లలో ఇరుక్కున్న ఇసుక గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కిరోసిన్ మంచిదా, షాపులో అమ్మే ద్రావకం మంచిదా అని ఆయన అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. వసుమతి కళ్ళు మూసుకుని వింటోంది. ఒళ్ళంతా నొప్పిగా ఉంది, కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. లీస్‌బర్గ్ రాకముందే ఆమె నిద్రపోయింది. వాళ్ళిద్దరూ అది గమనించి గొంతు తగ్గించారు గానీ వాదన మాత్రం ఆపలేదు.